మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమంటున్నారు, రేపటిలోగా చెప్పాలి

పల్నాడు_పిల్లోడు · మంగళవారం, రాత్రి 10:48

అన్నలకి, అక్కలకి నమస్తే. ఇక్కడ రాయడం మొదటిసారి. రేపు సాయంత్రంలోగా ఒకళ్లకి మాట చెప్పాలి, నిద్ర పట్టక రాస్తున్నా.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. 2021లో బీటెక్ ఈసీఈ అయింది, 61 శాతం. నాలుగు బ్యాక్‌లాగ్స్ ఉంటే 2022లో క్లియర్ చేశా. అదే ఏడు నాన్నకి పక్షవాతం వచ్చింది. మాకు ఎరువుల కొట్టు ఉంది. రెండున్నరేళ్లు కొట్లో నేనే కూర్చున్నా. ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కొట్టు బాబాయి చూసుకుంటానంటే నేను హైదరాబాద్ వచ్చా. ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్. అమీర్‌పేటలో లినక్స్, ఎస్‌క్యూఎల్, డెవాప్స్ ఏడు నెలలు నేర్చుకున్నా.

రెండొందల పైన అప్లికేషన్లు పెడితే రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండిట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే, 2021 నుంచి ఏం చేస్తున్నావని. ఇంట్లో ప్రాబ్లమ్స్ అన్నా. ఆ తర్వాత వాళ్లు పెద్దగా ఏమీ అడగలేదు.

హాస్టల్లో ఉండే ఒకన్న కన్సల్టెన్సీకి తీసుకెళ్లాడు. లక్షన్నర ఇస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతారట. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారు. వెరిఫికేషన్‌కి ఫోన్ వస్తే వాళ్లే మాట్లాడతారు. పీఎఫ్ కూడా కావాలంటే ఇంకో నలభై వేలు. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టేశా. మిగతాది అమ్మ చీటీ పాడి పంపిస్తానంది. అమ్మకి కోచింగ్ ఫీజని చెప్పా.

మా బ్యాచ్‌లో చాలామంది ఇలాగే వెళ్లారు, జీతాలు తీసుకుంటున్నారు. తప్పని తెలుసు. కానీ ఇంకో దారి కనపడట్లేదు. పెట్టాలా, వద్దా?

నైట్‌షిఫ్ట్_7 · మంగళవారం, రాత్రి 11:20

పెట్టు తమ్ముడూ. నీతులు చెప్పేవాళ్లు బోలెడు మంది వస్తారు, నీ హాస్టల్ ఫీజు మాత్రం ఎవరూ కట్టరు.

నేను 2015లో పెట్టా. మూడేళ్లు. ఇప్పుడు లీడ్‌ని, గచ్చిబౌలిలో ఫ్లాట్ ఉంది, చెల్లి పెళ్లి చేశా. ఫ్రెషర్ చేసే పనికి మూడేళ్ల అనుభవం కావాలని ప్రకటన ఇచ్చేది ఎవరు? కంపెనీలే కదా. ఆ అనుభవం మనకి ఎవరిస్తారు? పని నేర్చుకుని వెళ్తున్నప్పుడు కాగితం ఎక్కడిదైతే ఏంటి? మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. జాబ్ సపోర్ట్ పెట్టుకో, రాత్రిళ్లు రిమోట్‌లో నీ పని చేసిపెడతారు. నేను నెలకి పాతిక వేలు ఇచ్చా. తర్వాత పని దానంతటదే వస్తుంది.

సరిత_హెచ్ఆర్ · బుధవారం, ఉదయం 6:55

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లోనే పదకొండేళ్లుగా హెచ్ఆర్‌లో ఉన్నాను. అందులో నాలుగేళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ డెస్క్ మీదే. నువ్వు ఏం కొనబోతున్నావో ముందు చెప్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

వెరిఫికేషన్ అంటే ఒక ఫోన్ కాల్ అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్తారు. అది ఎప్పటి మాటో. ఇప్పుడు ఆఫర్ ఇచ్చాక నీ చేత ఒక ఫారం నింపించి, వివరాలు ఎక్కడైనా విచారించుకోవచ్చని సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత పని బయటి ఏజెన్సీకి వెళ్తుంది. నువ్వు రాసిన కంపెనీ పేరు వాళ్లు ముందుగా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కొట్టి చూస్తారు. ఎప్పుడు రిజిస్టరైంది, ఇంకా నడుస్తోందా, రిజిస్టర్ నుంచి పేరు కొట్టేశారా అన్నది అక్కడ ఉంటుంది. నువ్వు 2022 మార్చిలో చేరానని రాస్తావు, కంపెనీ పుట్టిందే 2023లో. ఇలాంటివి నా చేతి మీదుగానే ఎన్నో వెళ్లాయి. అనుమానం వస్తే మనిషిని ఆ అడ్రస్‌కి పంపిస్తారు. రెండో అంతస్తులో షట్టర్ వేసిన గది ఫొటో తీసి రిపోర్టులో పెడతారు.

పేస్లిప్పు ఎవరైనా తయారు చేస్తారు. అందుకే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. అన్నిటికంటే ముందు యూఏఎన్, అంటే నీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే నంబరు, అడుగుతారు, సర్వీస్ హిస్టరీ చూస్తారు. ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో పీఎఫ్ రికార్డే చెప్తుంది.

ఇంకో మాట. ఇలాంటి కంపెనీల పేర్లతో ప్రతి పెద్ద సంస్థ దగ్గరా ఒక జాబితా ఉంటుంది. ఈ రోజు అందులో లేని పేరు వచ్చే ఏడాది చేరవచ్చు. చేరిన రోజున, ఆ పేరు పెట్టుకుని ఇప్పటికే లోపల పని చేస్తున్న వాళ్లందరి ఫైళ్లూ బయటికొస్తాయి.

పల్నాడు_పిల్లోడు · బుధవారం, ఉదయం 7:30

థాంక్స్ అక్కా. కానీ పీఎఫ్ కూడా పెడతామంటున్నారు కదా, ఆ నలభై వేలు దానికే. అది నిజం పీఎఫే, గవర్నమెంట్ పోర్టల్‌లో కనపడుతుందట. అప్పుడు కూడా దొరుకుతుందా?

సరిత_హెచ్ఆర్ · బుధవారం, ఉదయం 8:10

కనపడుతుంది. అదే చిక్కు. పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి కట్టారో ఒక గడిలో, ఎప్పుడు కట్టారో ఇంకో గడిలో ఉంటుంది. మామూలు కంపెనీ నెలనెలా కడుతుంది. వీళ్లు రెండు మూడేళ్ల డబ్బు ఒకే వారంలో కట్టేస్తారు. ముప్పై ఆరు వరసల పక్కన ఒకే తేదీ కనిపిస్తే చూసేవాళ్లకి ఇంకేం కావాలి?

ఒకవేళ ఈ నెల నుంచి నెలనెలా కడతామన్నా, నీ మూడేళ్లూ ఈ నెల నుంచే మొదలవుతాయి.

అంతకంటే ముఖ్యం, యూఏఎన్ నీకు జీవితాంతం ఒక్కటే. ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త మెంబర్ ఐడీ దానికిందే చేరుతుంది. ఆ కంపెనీ పేరు ఒకసారి అందులోకి ఎక్కితే నువ్వు చెరపలేవు. రేపు నువ్వు నిజాయతీగా మళ్లీ మొదలుపెడదామనుకున్నా, చేరే ప్రతిచోటా అదెక్కడిదని అడుగుతారు. అబద్ధానికి ప్రభుత్వం దగ్గర శాశ్వతమైన రికార్డు చేయించుకోవడానికి నలభై వేలు ఇస్తున్నావు.

అనంత_ప్రవీణ్ · బుధవారం, ఉదయం 9:05

నేను ఫేక్ పెట్టి దొరికినోణ్ణి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు. నువ్వు ఈ సాయంత్రం చెప్పాలంటివే, అందుకే రాస్తాండా.

మాది అనంతపురం జిల్లా. 2019లో రెండేళ్లు పెట్టుకుని ఒక పెద్ద కంపెనీలో చేరితి. వెరిఫికేషన్ ఇరవై రోజుల్లో గ్రీన్ వచ్చె. ఇంక భయం లేదనుకుంటి. పని కూడా బాగానే నేర్చుకుంటి, మేనేజర్‌కి నేనంటే నమ్మకం. పద్నాలుగు నెలలైనాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్ ఇన్వైట్ వచ్చె. చూస్తే మా మేనేజర్‌తో పాటు నాకు తెలియని ఇద్దరు ఉండారు. పాత కంపెనీలో నీ మేనేజర్ పేరేమి, ఆఫీసు ఏ అంతస్తు, ఎంతమంది కూర్చునేవాళ్లు అని అడిగిరి. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఉండేవి చెప్పినా. 'అదే ఆఫీసులో పని చేశామన్న వాళ్లు మా దగ్గర ఇంకా తొమ్మిది మంది ఉన్నారు, నువ్వు చెప్పిన అంతస్తు ఒక్కరూ చెప్పలేదు' అనిరి.

సాయంత్రం ఆరుకి ల్యాప్‌టాప్ లాక్ అయిపాయ. నన్ను కుంగదీసింది ఉద్యోగం పోవడం కూడా కాదు. మా మేనేజర్ ఆ మీటింగ్ మొత్తం ఒక్క మాట మాట్లాడలేదు. ఆయప్ప నా ప్రమోషన్ కాగితాలు ఆ వారమే పైకి పంపించినాడు.

ఆ పద్నాలుగు నెలలు నిజంగా పని చేసినా, ఎవరికీ చూపించుకోలేను. రిలీవింగ్ లెటర్ లేదు, కారణం అడిగితే చెప్పలేను. ఫేక్ రెండేళ్లతో పాటు నిజమైన పద్నాలుగు నెలలూ పాయ. మళ్లీ ఫ్రెషర్‌గా చెన్నైలో పద్దెనిమిది వేలకి మొదలుపెట్టినా.

2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా బయటికే చెప్పింది, లేని కంపెనీల పేరుతో పత్రాలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పెట్టినోళ్లని తీసేసినామని. ఆ వార్త చదివిన రాత్రి నాకు మళ్లీ ఆ శుక్రవారం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎంతమంది ఇళ్లలో ఏమి చెప్పుకున్నారో.

ఓరుగల్లు_వకీలు · బుధవారం, ఉదయం 11:40

చట్టం సంగతి రెండు మాటల్లో. రెజ్యూమెలో గొప్ప చెప్పుకోవడం వేరు, లేని కంపెనీ పేరుతో లెటర్ తయారు చేయించి ఇవ్వడం వేరు. రెండోది ఫోర్జరీ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 336 ఫోర్జరీ, 340 ఫోర్జరీ కాగితాన్ని అసలుదిగా వాడటం, 318 మోసం. మోసం చేయడానికే ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కాగితం తయారు చేసింది నేను కాదు, కన్సల్టెన్సీ అంటే కుదరదు. తెలిసి వాడినవాడికీ అదే శిక్ష.

నిజం చెప్పాలంటే కంపెనీలు ఎక్కువగా పోలీసుల దాకా వెళ్లవు, తీసేసి ఊరుకుంటాయి. కానీ కన్సల్టెన్సీ మీద ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే వాళ్ల కంప్యూటర్లు పట్టుకుంటారు. వాటిల్లో నీ పేరు, ఆధార్, ఫోన్ నంబరు, కట్టిన డబ్బు లెక్క అన్నీ ఉంటాయి.

సర్కారు ఉద్యోగాల వైపు చూసేవాళ్లకి ఇంకొకటి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉద్యోగానికి ఇచ్చే వివరాల్లో నిజం దాచడం మీదే తీర్పిచ్చింది. అది క్రిమినల్ కేసుల వివరాలు దాచిపెట్టిన సంగతి. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని కోర్టు స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయమైతే దాచినా యాజమాన్యం క్షమించవచ్చని కూడా ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఏమీ కాని విషయాన్ని దాచి పెద్దది చేసుకున్నవాళ్లే. ఈ అబ్బాయి పోస్టు చదివితే నాకు అదే అనిపిస్తోంది. తండ్రికి జబ్బు చేస్తే కొడుకు కొట్టు నడిపాడు. ఇందులో దాచాల్సింది ఏముంది?

ఈసీఈ2020 · బుధవారం, మధ్యాహ్నం 1:15

జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి నాదీ ఒక ప్రశ్న. నేను ఫేక్ ఏం పెట్టలేదు. కానీ ఒక బీపీఓలో మూడు నెలలు చేసి మానేశా, అది రెజ్యూమెలో రాయలేదు. డిగ్రీలో 59.4 ఉంటే 60 అని రాశా. ఇవి కూడా అబద్ధాల కిందికే వస్తాయా?

సరిత_హెచ్ఆర్ · బుధవారం, మధ్యాహ్నం 2:30

మొదటిది రాదు, రెండోది వస్తుంది.

రెజ్యూమె అంటే నువ్వు ఎంచి చూపించేది. మూడు నెలల బీపీఓ ఈ ఉద్యోగానికి పనికిరాదనుకుంటే వదిలెయ్. జాయినింగ్ ఫారం అలా కాదు, ఇంతకుముందు చేసిన ఉద్యోగాలన్నీ రాయమని అందులో అడుగుతారు. అక్కడ తప్పకుండా రాయి. పీఎఫ్ కట్టి ఉంటే ఎలాగూ కనపడుతుంది. కనపడ్డాక అడిగించుకోవడం కంటే ముందే రాయడం మేలు.

59.4 ని 60 చేయడం చిన్నదే అనిపిస్తుంది. కానీ కటాఫ్ 60 అన్నచోట నువ్వు వేరే వాడి సీట్లో కూర్చున్నావు. మార్కుల మెమో ఇచ్చిన రోజే బయటపడుతుంది. మూడేళ్ల కిందట ఒకమ్మాయికి ఇదే కారణంతో ఆఫర్ వెనక్కి తీసుకున్నాం. ఆ మెయిల్ పంపింది నేనే. పాపం, టెస్టులో ఆ బ్యాచ్ మొత్తానికి రెండో ర్యాంకు. 59.4 అని రాసి ఒక మెయిల్ పెట్టి ఉంటే మినహాయింపు అడిగేవాళ్లం, ఇచ్చినవి ఉన్నాయి. తప్పు అంకె రాశాక ఆమె తరఫున అడగడానికి నాకు నోరు రాలేదు.

ఈ మధ్య ఇంకో రకం చూస్తున్నాం. చాట్‌జీపీటీకి ఇచ్చి రాయించుకుంటారు. అది 'ఖర్చు 30 శాతం తగ్గించాను', 'ఐదుగురి బృందాన్ని నడిపించాను' అని రాసేస్తుంది, వీళ్లు చదవకుండా పంపేస్తారు. ముప్పై శాతం దేని మీద తగ్గింది బాబూ అని అడిగితే బిక్కమొహం వేస్తారు. భాష దిద్దించుకోండి, తప్పు లేదు. మీరు చేయని పని అందులో ఒక్క ముక్క కూడా మిగలకుండా చూసుకోండి.

డాలస్_తెలుగోడు · బుధవారం, సాయంత్రం 5:50

ఇక్కడ ఇంకా తెల్లారలేదు. సాయంత్రం గడువన్నావు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

అమెరికాలో మనవాళ్ల కథ ఇదే, పందెం మాత్రం పెద్దది. ఎంఎస్ అయ్యాక ఓపీటీలో, అంటే చదువు తర్వాత పని చేసుకోనిచ్చే గడువులో, మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. రోజులు లెక్కపెట్టుకుంటూ బతకడం అంటే ఏంటో అనుభవించినవాడికే తెలుసు. ఆ భయంలో ఉన్న పిల్లాడి దగ్గరికి కన్సల్టెన్సీ వచ్చి, ఏడేళ్ల అనుభవంతో రెజ్యూమె మార్కెటింగ్ చేస్తామంటుంది. ఇరవై నాలుగేళ్లవాడికి ఏడేళ్ల అనుభవం. ఇంటర్వ్యూకి వాడి బదులు ఇంకొకడు, ప్రాక్సీ, కూర్చుంటాడు.

నా రూమ్మేట్ అలా వెళ్లాడు. పని దొరికింది, హెచ్1బీ వచ్చింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. గ్రీన్ కార్డు దశలో కథ అడ్డం తిరిగింది. పెర్మ్‌లో, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ కార్మిక శాఖకి పెట్టే దరఖాస్తులో, ఆ పోస్టుకి ఇన్నేళ్ల అనుభవం కావాలని ఉంటే, పాత కంపెనీల నుంచి లెటర్లు తెచ్చి ప్రభుత్వానికి ఇవ్వాలి. అప్పటిదాకా అబద్ధం ఒక ప్రైవేటు కంపెనీకి చెప్పినది. ఇప్పుడు సంతకం పెట్టి ఇమిగ్రేషన్‌కి చెప్పాలి. అక్కడ తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికా ఇమిగ్రేషన్ చట్టం 212(a)(6)(C)(i) కింద జీవితాంతం అనర్హత. ఆ నిషేధానికి గడువు తీరడం అంటూ ఉండదు. మినహాయింపులు ఉన్నాయి కానీ చాలా తక్కువమందికి దొరుకుతాయి.

వాడు ఆ లెటర్లు పెట్టలేదు. అనుభవం అడగని కింది కేటగిరీకి మారతానని కంపెనీకి చెప్పాడు. ఎందుకని అడిగితే లాయర్‌కి చెప్పలేడు, మేనేజర్‌కి చెప్పలేడు, భార్యకి కూడా చెప్పలేదు. నాకు చెప్పి ఏడ్చాడు. పాతికేళ్ల వయసు రాకముందు రాసిన ఒక కాగితం వల్ల.

ఎంఐటీలో మారిలీ జోన్స్ అని అడ్మిషన్ల డీన్ ఉండేవారు. 1979లో చేరినప్పుడు తనకి లేని డిగ్రీలు ఉన్నాయని రాశారు. 28 ఏళ్లు పని చేశారు, చాలా మంచి పేరు తెచ్చుకున్నారు. పిల్లల మీద చదువు ఒత్తిడి తగ్గించాలని దేశమంతా తిరిగి మాట్లాడిన మనిషి. 2007లో సంగతి బయటపడి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఇన్నేళ్లు బాగా పని చేశారు కదా అని ఎవరూ ఊరుకోలేదు. ఆ ఉదంతం చదివినప్పుడల్లా నాకు ఆమె మీద జాలే కలుగుతుంది. 28 ఏళ్లలో ఏ ఒక్క రోజైనా వెళ్లి దిద్దుకుని ఉండవచ్చు. రోజు గడిచేకొద్దీ అది ఇంకా కష్టమైపోయి ఉంటుంది.

లక్ష్మి_కాకినాడ · బుధవారం, సాయంత్రం 6:05

బాబూ, నేను ఉద్యోగస్తురాల్ని కాదు, ఒక అమ్మని. నా కొడుకూ ఇలాగే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నీకు ఒకటే చెప్తాను. చీటీ పాడాక నెలనెలా కట్టేది మీ అమ్మే. దేనికి కడుతున్నానో ఆవిడకి తెలియాలి. ముందు ఫోన్ చేసి నిజం చెప్పు. తిడుతుంది. తిట్టనీ.

మానేరు_రవి · బుధవారం, సాయంత్రం 6:20

తమ్మీ, నేను అమీర్‌పేటలనే పదేండ్ల సంది లినక్స్, ప్రొడక్షన్ సపోర్ట్ చెప్తున్న. మైత్రీవనం చుట్టుపక్కల నాకు తెల్వని మెట్లు లేవు. నా క్లాసుల నుంచి లేచి నేరుగ ఆ కన్సల్టెన్సీలకు పోయిన పిల్లలను చూసిన. అందుకే అడుగుతున్న, కోపం చెయ్యకు. అందరూ పెట్టాలె, పెట్టద్దు అంటున్రు. ఆ రెండున్నరేండ్లు నువ్వు కొట్ల ఏం చేసినవో ఒక్కరు అడగలె. ఇంటర్వ్యూల గూడ నువ్వు 'ఇంట్ల ప్రాబ్లమ్స్' అన్నవు, అంతే. ఏం పని చేసినవ్? పొద్దున కొట్టు తెరిచినకాడి నుంచి చెప్పు. చిన్నది పెద్దది అని ఎంచకు.

పల్నాడు_పిల్లోడు · బుధవారం, సాయంత్రం 7:02

కన్సల్టెన్సీ వాళ్లకి రెండు రోజులు టైమ్ అడిగా. అమ్మకి ఇంకా చేయలేదు అత్తా, చేస్తా.

రవన్నా, కొట్లో ఏముంటుంది? పొద్దున్నే తెరిచి పీఓఎస్ మిషన్ ఆన్ చేయాలి. ఎరువు అమ్మాలంటే రైతు ఆధార్ కొట్టి వేలిముద్ర వేయించాలి, 2018 నుంచి అన్ని చోట్లా అంతే. వేలిముద్ర పడకపోతే చెయ్యి కడిగించి మళ్లీ వేయించాలి. మిరప కోసే ముసలమ్మలకి వేళ్లు అరిగిపోయి అసలు పడవు, ఇంట్లో వాళ్లని పిలిపించాలి. సర్వర్ డౌన్ అయితే బయట నలభై మంది లైన్. అప్పుడు కాగితం మీద పేర్లు రాసుకుని టోకెన్ ఇచ్చేవాణ్ణి, సర్వర్ వచ్చాక వరసగా పిలిచేవాణ్ణి. అది నేనే మొదలుపెట్టా, అంతకుముందు కొట్లాటలయ్యేవి.

లారీ వచ్చాక డీలర్ పంపిన స్టాక్ మిషన్‌లో ఎక్కించాలి. మిషన్‌లో ఉన్న బస్తాలు, గోడౌన్‌లో ఉన్న బస్తాలు ఒకటే ఉండాలి. వ్యవసాయ శాఖ వాళ్లు వచ్చి లెక్కపెడతారు, తేడా వస్తే లైసెన్స్‌కే ముప్పు. ఒకసారి పదకొండు యూరియా బస్తాలు తేడా వచ్చాయి. బస్తా 266 రూపాయల యాభై పైసలే, కానీ సబ్సిడీ సరుకు కదా. రాత్రి పన్నెండింటి దాకా ఒక్కో బిల్లూ చూస్తే తెలిసింది. సర్వర్ పోయిన రోజు ఒకే రైతుకి మిషన్‌లో రెండుసార్లు ఎక్కింది. డీలర్‌కీ, మిషన్ సపోర్ట్ వాళ్లకీ చెప్పి సరిచేయించా. తర్వాత ఎక్సెల్‌లో షీట్ చేసుకుని ప్రతి రాత్రీ టాలీ చేసేవాణ్ణి. అంతే అన్నా. దీన్ని ఐటీ కంపెనీకి ఏం చెప్పను?

మానేరు_రవి · బుధవారం, రాత్రి 8:15

అంతేనా? నేను దాన్ని రెండుసార్లు చదివిన.

ప్రొడక్షన్ సపోర్ట్ అంటె ఇదే గదా తమ్మీ! సిస్టమ్ పడిపోతది, బయట జనం ఉంటరు. పని ఆగకుండ పక్కదారి చూడాలె. ఎక్కడ తేడా వచ్చిందో రికార్డులు తవ్వి పట్టాలె. సంబంధించినోళ్లకు చెప్పి సరిచేయించాలె, మళ్ల రాకుండ రోజు చెక్ పెట్టాలె. నా క్లాసుల దీన్ని బొమ్మలు గీసి చెప్త, పిల్లలకు ఎక్కది. నువ్వు నలభై మంది రైతుల ముంగట నిలబడి చేసినవ్. ఆ పదకొండు బస్తాల సంగతి ఏ ఫేక్ రెజ్యూమెల ఉంటది చెప్పు? ఎన్ని లెవల్స్ లోతుకు అడిగినా నీ దగ్గర జవాబు ఉన్నది, ఎందుకంటె నువ్వు నిజంగ చేసినవ్.

డెవాప్స్ మూడేండ్లని పోకు. అప్లికేషన్ సపోర్ట్, ఎల్1, ఎల్2, అంటె మొదటి, రెండో మెట్టు సపోర్ట్ పోస్టులకు పెట్టు. జీతం తక్కువుంటది, షిఫ్టులుంటయి, అది ముందే తెలుసుకో. ఎస్‌క్యూఎల్, లినక్స్ 'శిక్షణ పొందాను' అని రాయి, 'పని చేశాను' అని రాయకు. జెంకిన్స్ అనే డెవాప్స్ టూల్ గిట్ల క్లాసుల చేసినవి వేరే హెడ్డింగ్ కింద, ప్రాక్టీస్ ప్రాజెక్టులు అని పెట్టు.

సరిత_హెచ్ఆర్ · బుధవారం, రాత్రి 9:00

రవి గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. ఆ రెండున్నరేళ్లని 'ఉద్యోగం' అని రాయకు, 'కుటుంబ వ్యాపార నిర్వహణ' అని రాయి. జీతం గడి ఖాళీగా వదిలెయ్. ఎందుకని ఒక్క లైను: తండ్రి అనారోగ్యం కారణంగా. అంతకుమించి వద్దు, జాలి కోసం రాసినట్టు ఉంటుంది. ఎరువుల లైసెన్స్, జీఎస్టీ రిజిస్ట్రేషన్ మీ నాన్నగారి పేరు మీద ఉంటాయి కదా, అడిగితే ఆ కాపీలు చాలు. బ్యాక్‌లాగ్స్ గురించి అడిగితే నాలుగు ఉన్నాయి, 2022లో అయ్యాయి అని చెప్పు. అడిగేవాళ్లకి కావలసింది ఇప్పుడు పెండింగ్ ఉన్నాయా లేవా అన్నదే.

అందరూ తీసుకుంటారని నేను చెప్పను. గ్యాప్ చూడగానే పక్కన పెట్టేసే కంపెనీలు ఉన్నాయి, నేను పని చేసిన చోట్లా చేశారు, అది అన్యాయమే. నెలలు పట్టవచ్చు. కానీ పిలిచినవాళ్లు నిన్ను పిలిచినట్టు.

నైట్‌షిఫ్ట్_7 · గురువారం, తెల్లవారుజామున 2:37

నిన్న పెట్టేయమని మొదట రాసింది నేనే. తమ్ముడు ఆ కొట్టు సంగతి రాసినప్పటి నుంచి మనసు నిలవట్లేదు.

నేను నిన్న చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పా. లీడ్‌ని, ఫ్లాట్ ఉంది, అవన్నీ ఉన్నాయి. ఇదే కంపెనీలో ఏడేళ్లుగా ఉన్నా. నా కింద పని నేర్చుకున్న పిల్లలు రెండేసి కంపెనీలు మారి నాకంటే ఎక్కువ తీసుకుంటున్నారు. నాకూ ఆఫర్లు వచ్చాయి, మూడు. మూడూ వద్దన్నా. ఇంట్లో బద్ధకం అనుకుంటారు. నేను పెట్టుకున్న ఆ కంపెనీని 2018లోనే రిజిస్టర్ నుంచి కొట్టేశారు. ఇంకోచోట చేరాలంటే మళ్లీ వెరిఫికేషన్, మళ్లీ ఆ పేరు రాయాలి. రాయకపోతే ఇక్కడ ఇచ్చిన వివరాలతో పొంతన కుదరదు. అందుకే కదలలేను.

పోయిన ఏడాది మా టీమ్‌లో ఒకబ్బాయి ఫేక్‌లో దొరికాడు. వాడి మేనేజర్‌గా ఆ మీటింగ్‌లో నన్నూ కూర్చోబెట్టారు. ప్రవీణ్ గారూ, మీ మేనేజర్ ఎందుకు మాట్లాడలేదో నాకు తెలియదు. నేను ఎందుకు మాట్లాడలేదో మాత్రం నాకు తెలుసు.

తమ్ముడూ, నా మొదటి పోస్టు తీసేద్దామనుకున్నా. ఉంచుతున్నా, కింద ఇది కూడా ఉంటుంది కాబట్టి. పెట్టకు.

అనంత_ప్రవీణ్ · గురువారం, ఉదయం 8:20

అన్నా, రాసినందుకు సంతోషం. నీ పరిస్థితిలో ఏం చేయొచ్చో వకీలు గారిని విడిగా అడుగు. పదేళ్ల పని నీది నిజందే కదా.

పల్నాడు_పిల్లోడు · పది రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:10

అందరికీ ఒకసారి చెబుదామని వచ్చా.

కన్సల్టెన్సీకి వద్దని చెప్పా. ఇరవై వేలు తిరిగి ఇవ్వరట. రెండుసార్లు వెళ్లి అడిగా, ఇంక వెళ్లను. అమ్మకి చెప్పా. తిట్టలేదు అత్తా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇరవై వేలు పోయాయని కాదు, కోచింగ్ ఫీజని చెప్పినందుకు బాధపడింది. అది ఇంకా సర్దుకోలేదు.

రవన్న చెప్పినట్టు రెజ్యూమె మార్చి సపోర్ట్ పోస్టులకి పెట్టా. ఇప్పటికి మూడు కాల్స్ వచ్చాయి. ఒకళ్లు గ్యాప్ వినగానే పెట్టేశారు. ఇంకొకళ్లు షిఫ్ట్‌లకి ఓకేనా అని అడిగి మళ్లీ చేస్తామన్నారు. మూడోచోట మొన్న మొదటి రౌండ్ అయింది. ఆయన పదకొండు బస్తాల దగ్గర ఆపి ఇరవై నిమిషాలు దాని మీదే అడిగాడు. ఒకే రైతు పేరు రెండుసార్లు పడితే ఎస్‌క్యూఎల్‌లో ఎలా పట్టుకుంటావని క్వెరీ రాయించాడు. గ్రూప్ బై, హ్యావింగ్ పెట్టి రాశా. జెంకిన్స్ గురించి అడిగితే క్లాసులో చేశా, ఉద్యోగంలో చేయలేదని చెప్పా. సరే అన్నాడు. రెండో రౌండ్ గురువారం. వస్తుందో లేదో తెలియదు.

నాన్నకి కూడా చెప్పా, కొట్టు గురించి రెజ్యూమెలో రాశానని. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి నాన్నకి మాట సరిగ్గా రాదు, ఫోన్ ఎత్తడు, అమ్మే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం తనే ఫోన్ తీసుకున్నాడు. లైసెన్స్ కాపీ బాబాయి చేత వాట్సాప్‌లో పంపించాడు. ఎవరన్నా అడిగితే నా నంబరు ఇవ్వు, నేను చెప్తా అన్నాడు.

సరితక్కా, నాన్న నంబరు రెజ్యూమె కింద రాయొచ్చా?

సరిత_హెచ్ఆర్ · ఆదివారం, సాయంత్రం 4:45

రెజ్యూమెలో వద్దు, అందరి చేతుల్లోకీ వెళ్తుంది. జాయినింగ్ ఫారంలో రెఫరెన్స్ అని గడి ఉంటుంది. అక్కడ బాబాయి పేరు, నాన్నగారి పేరు రెండూ రాయి. నాన్నగారి పేరు పక్కన 'నెమ్మదిగా మాట్లాడతారు, దయచేసి సమయం ఇవ్వండి' అని ఒక ముక్క పెట్టు. ఫోన్ చేసేవాళ్లు ఆగుతారు.